యుద్ధానికి పోలీసు టోపీ

మా ఇళ్లలో ముసలివాళ్లు కాలాన్ని సంవత్సరాలతో లెక్కపెట్టరు. మా దాదీని 'నీ పెళ్లెప్పుడయింది?' అని అడిగితే 'పోలీసాక్షన్ అయిన అయిదేండ్లకు' అనేది. పెద్ద వాన ఎప్పుడు పడింది, ఊరి మసీదు గోడ ఎప్పుడు కూలింది, ఏ మామ ఏ ఏడు పుట్టాడు, అన్నిటికీ అదే లెక్క. పోలీసాక్షన్ కే పైలే, పోలీసాక్షన్ కే బాద్. చదువురాని ఆడమనిషి నోట్లో ఆ రెండు ఇంగ్లీషు మాటలు ఒక్క మాటగా అతుక్కుపోయాయి. ఆ మాటకు అర్థమేమిటని ఆమె ఎన్నడూ అడగలేదు. చాలా ఏళ్లపాటు మేమూ అడగలేదు.

దాదీ పుట్టిల్లు జహీరాబాద్ అవతల, బీదర్ దారిలో ఒక ఊరు. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. ఆమె బాప్ దర్జీ. నవాబు కాదు, జాగీర్దారు కాదు, కనీసం పోలీసు పటేలు కూడా కాదు. ఆస్తి అంటే ఒక కుట్టుమిషను. 1948 ఎండాకాలంలో ఎవరో వచ్చి ఖాకీ బట్ట పడేసి ఆరు అంగీలు కుట్టమన్నారు. కుట్టి ఇచ్చాడు. కూలి అడిగితే 'ఖౌమ్ పని' అన్నారు. సెప్టెంబరులో మిలిటరీ లారీలు రోడ్డు వెంట పోయిన మూడో రోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంపులు వచ్చాయి. అంగీలు తొడుక్కున్న ఆరుగురూ అప్పటికే ఊరొదిలి పోయారు. కుట్టినవాడు మిషను దగ్గర దొరికాడు. దాదీకి అప్పుడు పదకొండేళ్లు. ఆమెను, ఆమె తల్లిని పక్కింటి లింగాయతుల ఇల్లాలు ఖాళీ జొన్నల పాతరలోకి దించి పైన చొప్ప కప్పింది. రెండు రాత్రుల తర్వాత పైకి తీస్తే బాప్ లేడు, మిషనూ లేదు.

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదు. మరఠ్వాడాలో, కర్ణాటక జిల్లాల్లో, మా మెదక్ సరిహద్దులో ముస్లింల ఇళ్లకు పోయి పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటే ఇలాంటివి ఎన్నో వినొచ్చు. మేము పత్రికల్లో ఇరవై ఏళ్లుగా రెండు భాషల్లో రాస్తున్నాం. ఉర్దూలో రాసేటప్పుడు ఈ కథ చెబితే పాఠకుడు కళ్లు తుడుచుకుంటాడు. తెలుగులో చెబితే 'మరి రజాకార్ల సంగతేమిటి?' అంటాడు. రెండూ న్యాయమైన స్పందనలే. కానీ ఈ ఏడుపుకూ ఆ నిలదీతకూ మధ్య ఒక ప్రశ్న ఎప్పుడూ జారిపోతూ వచ్చింది. ఒక రాజ్యం ఎవరిది, ఎలా నడవాలి అన్న రాజకీయ ప్రశ్న ఎక్కడ, ఎవరి చేతుల్లో 'భద్రత' ప్రశ్నగా మారిపోయింది? మారినందువల్ల ఎవరి మెడకు చుట్టుకుంది?

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం అన్ని వైపుల నుంచీ హైదరాబాద్ సంస్థానంలోకి దిగింది. షోలాపూర్ నుంచి వచ్చిన ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురిది, అది ఆర్మర్డ్ డివిజన్, అంటే ట్యాంకుల సైన్యం. పైన విమానాలు. సైన్యం తన కాగితాల్లో దానికి ఆపరేషన్ పోలో అని పేరు పెట్టుకుంది. అయిదో రోజు, 17 సాయంత్రం నిజాం చేతులెత్తేశాడు. 18న హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఇద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. జనరల్ జనరల్‌కు లొంగిపోయే పోలీసు చర్య ప్రపంచంలో ఇంకెక్కడైనా జరిగిందేమో మాకు తెలియదు. పోలీసులు దొంగను పట్టుకుంటారు, లాఠీచార్జి చేస్తారు. ట్యాంకులతో అయిదు రోజులు పోరాడి ఒక సైన్యాన్ని లొంగదీసుకుంటే దానిపేరు యుద్ధమే.

ఆ పేరు పెట్టడానికి కారణం ఉంది. ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. తమకూ భారత్‌కూ మధ్య తలెత్తిన వివాదం అంతర్జాతీయ శాంతికి ముప్పు అన్నది దాని సారం. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దాన్ని చేపట్టింది. భారత్ వాదన ఏమిటంటే, హైదరాబాద్ స్వతంత్ర దేశమే కాదు, కనుక ఇది మా ఇంటి వ్యవహారం, శాంతిభద్రతల విషయం. యుద్ధం అని ఒప్పుకుంటే అవతల ఒక దేశం ఉన్నట్టు ఒప్పుకోవాలి. 'పోలీసు చర్య' అంటే ఆ ఇబ్బంది లేదు. లొంగిపోయిన నిజాం 22న ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. పారిస్‌కు వెళ్లిన నిజాం ప్రతినిధుల్లో శ్యాంసుందర్ అనే దళిత నాయకుడు ఉన్నాడు. దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు నిజాం మంత్రివర్గంలోనే ఉన్నాడు. హిందువులు ఒక పక్క, ముస్లింలు ఒక పక్క అన్న బొమ్మ మనకు బడిలో గీసి చూపించినంత శుభ్రంగా లేదు. షోయబుల్లా ఖాన్ దగ్గరికి వచ్చినప్పుడు అది ఇంకా చెదిరిపోతుంది. ఆ మాట కాస్సేపాగి.

హైదరాబాద్ ప్రశ్న అసలు ఏమిటి? 82 వేల చదరపు మైళ్ల నేల, 16 జిల్లాలు, 1941 లెక్కల ప్రకారం కోటీ 63 లక్షల జనం. అందులో ముస్లింలు ఎనిమిదిలో ఒక వంతు. నేలలో దాదాపు 40 శాతం జాగీర్ల కింద, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫేఖాస్ కింద ఉంది. ఊళ్లలో దేశ్‌ముఖుల వెట్టి. కచేరీలో, బడిలో, కోర్టులో ఉర్దూ. ఇళ్లలో తెలుగు, మరాఠీ, కన్నడం. జనం ఎన్నుకున్న ప్రభుత్వం లేదు. రాష్ట్ర కాంగ్రెస్ మీద 1938లో పుట్టకముందే నిషేధం. ఇవన్నీ రాజకీయ ప్రశ్నలు. భూమి ఎవరిది, భాష ఏది, ఓటు ఎవరికి అన్నవి. కూర్చుని, కొట్లాడి, బేరమాడి, ఓట్లేసి తేల్చుకోవలసినవి. ఇలాంటి ప్రశ్నలున్నచోట ముస్లింలందరూ ఒకవైపు, హిందువులందరూ ఒకవైపు నిలబడరు. విస్నూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మీద కోర్టుకెక్కి గెలిచి, 1940లో ఆయన మనుషుల చేతిలో హతమైన కామారెడ్డిగూడెం షేక్ బందగీ ముస్లింసన్నకారు రైతు. అదే విస్నూరు దొరకు నిజాం పోలీసులు అండ. బందగీకి కావలసింది నాలుగెకరాల నేల, న్యాయం. 'ముస్లిం రాజ్యం' బందగీకి ఒరగబెట్టింది ఏమీ లేదు.

ఈ ప్రశ్నలను భద్రత భాషలోకి మొట్టమొదట మార్చింది ఢిల్లీ కాదు. ఈ మాట మా వాళ్లకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. మజ్లిస్ 1927లో పుట్టినప్పుడు ముస్లిం ఫిర్కాలను కలిపే సంస్థ. బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో అది 'అనల్ మాలిక్' అన్న సిద్ధాంతానికి వచ్చింది. దక్కన్‌లో ప్రతి ముస్లిమూ పాలకుడే, నిజాం గద్దె మన అందరి అధికారానికి గుర్తు అన్నది దాని అర్థం. జొన్నరొట్టెకు దిక్కులేని దర్జీని పిలిచి 'నువ్వే మాలిక్‌వి' అన్నారు. ఆ మాట వల్ల ఆయనకు ఒక్క గుంట భూమి రాలేదు. కానీ జవాబుదారీ ప్రభుత్వం కావాలని ఎవరైనా అడిగితే అది తన మీద దాడి అనుకోవడం నేర్చుకున్నాడు. 1944లో బహదూర్ యార్ జంగ్ చనిపోయాడు. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికి మజ్లిస్ వచ్చింది. అప్పటినుంచి రాజకీయం పూర్తిగా కవాతుగా మారింది. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు అని అర్థం. ఆ మాటకు ఈ నేల మీద ఏ అర్థం మిగిలిందో చెప్పనక్కర్లేదు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు కలిసి భైరాన్‌పల్లిలో వందకు దగ్గరగా మనుషులను చంపారు. ఆ ఊరి బురుజు ఇంకా ఉంది. దాని ముందు నిలబడి 'మా వాళ్లూ చచ్చారు కదా' అనే ధైర్యం మాకు లేదు, ఉండకూడదు కూడా.

షోయబుల్లా ఖాన్ సంగతి చెప్తామన్నాం. ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని, జవాబుదారీ ప్రభుత్వం రావాలని ఉర్దూలో, మజ్లిస్ పట్టణంలో కూర్చుని రాశాడు. ఆ ఆగస్టులోనే ఏడుగురు ముస్లిం పెద్దలు రజాకార్లను రద్దుచేసి భారత్‌లో కలవమని ప్రకటన ఇస్తే దాన్ని అచ్చువేశాడు. ఆగస్టు 22 అర్ధరాత్రి ఇంటికి పోతుంటే దారికాచి చంపారు. రాసే చెయ్యి నరికారు. ఆయన అడిగినవి రాజకీయ ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పాలంటే వాదన కావాలి. గద్దార్ అనేస్తే వాదన అక్కర్లేదు, కత్తి చాలు. ముస్లింల భద్రత పేరుతో మొదట నోరు మూయించింది ఒక ముస్లిం జర్నలిస్టునే. మేము ఇదే వృత్తిలో ఉన్నాం కనుక ఈ ఒక్క చావు దగ్గర ఎప్పుడూ ఆగిపోతాం.

ఢిల్లీ దగ్గరా ఇదే భాష, ఇంకా పెద్ద గొంతుతో. 1947 నవంబరు 29న నిజాంతో యథాతథ ఒప్పందం కుదిరింది, ఏడాది గడువుతో. ఒప్పందాన్ని రెండు పక్షాలూ మీరాయి. భారత్ సరుకుల మీద దిగ్బంధం పెట్టింది. నిజాం ప్రభుత్వం దొంగచాటుగా ఆయుధాలు తెప్పించింది. సంస్థానాన్ని దేశపు గుండెలో కురుపుతో పోల్చారు పటేల్. కురుపుతో ఎవరూ మాట్లాడరు. కోస్తారు. పోలిక అలా కుదిరాక ఆ ఒంట్లో కోటీ 63 లక్షల మంది ఉన్నారనీ, వాళ్లకు రకరకాల కోరికలున్నాయనీ గుర్తుండదు. రజాకార్ల హింస నిజం. దాన్ని ఆపాలనడంలో తప్పులేదు. కానీ హింసను ఆపడం వేరు, మొత్తం ప్రశ్ననే హింసగా లెక్కగట్టడం వేరు. జోగిపేట దర్జీకీ, గుల్బర్గా గాజులవాడికీ ఏం జరుగుతుందని, కొత్త రాజ్యంలో వాళ్ల స్థానమేమిటని అడిగే అవకాశమే ఆ రెండో లెక్కలో లేదు.

ఏం జరిగిందో చూడటానికి నెహ్రూ మనుషులను పంపాడు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. ముగ్గురూ జాతీయవాదులే, ఢిల్లీకి అయినవాళ్లే. 1948 నవంబరు చివర వచ్చి మూడు వారాలకు పైగా తిరిగారు. పదహారులో తొమ్మిది జిల్లాలు చూశారు. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని రాశారు. అన్నిటికంటే ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నాలుగింటిలోనే 18 వేలకు పైగా. ఒక్క లాతూరులోనే హత్యాకాండ ఇరవై రోజులు సాగిందన్నారు. కొన్నిచోట్ల సైనికులే గుంపులను లూటీకి పురికొల్పారనీ రాశారు. అదే నివేదికలో చౌధురికి మతద్వేషం లేదన్నారు, ముస్లింలను కాపాడిన హిందువుల గురించి రాశారు. హిందూ సాలెవాళ్లు తోటి ముస్లిం సాలెవాళ్లను కాపాడిన సంగతి అందులో ఉంది. మగ్గం మీద కూర్చున్నవాడికి పక్క మగ్గంవాడు ముప్పుగా కనిపించలేదు. ఆ పేజీ చదివినప్పుడు మాకు పాతర మీద చొప్ప కప్పిన ఆ లింగాయతు ఆమె గుర్తొచ్చింది. దాదీ ఆమె పేరు ఏ నమాజు తర్వాతి దువాలోనూ మరవలేదు.

నివేదిక ఏమైంది? బీరువాలోకి వెళ్లింది. బయటపెడితే శాంతిభద్రతలకు ముప్పట. చంపినప్పుడు శాంతిభద్రతల కోసమే అన్నారు. చచ్చినవాళ్లను లెక్కపెట్టినప్పుడూ శాంతిభద్రతలే అడ్డొచ్చాయి. 1950లోనే విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ అనే పండితుడు ఒక విదేశీ పత్రికలో ఈ విషాదం మీద వ్యాసం రాశాడు. 1988లో ఒమర్ ఖాలిది తెచ్చిన పుస్తకంలో అది మళ్లీ వచ్చింది. సుందర్‌లాల్ నివేదికను ఎ.జి. నూరానీ తన పుస్తకంలో అచ్చువేసింది 2013లో. అరవై అయిదేళ్లు! అప్పటికి మా దాదీకి డెబ్బై ఆరు. ఉర్దూలో చదివి వినిపించాం. బీదర్ జిల్లా పేరు వచ్చినచోట ఆపమని, మళ్లీ చదవమంది. యుద్ధమని పేరు పెట్టి ఉంటే యుద్ధంలో పౌరులకు ఏమైందని అడిగే ఒక పద్ధతి ఉండేది. దండయాత్ర అని ఉంటే చరిత్రకారులు లెక్కలు తీసేవాళ్లు. పోలీసు చర్యకు ఎఫ్ఐఆర్ ఉండాలి కదా, అదీ లేదు. ఆ పేరు అటూ ఇటూ రెండు తలుపులూ మూసింది.

ఇప్పుడు పెద్దలకు ఏమైందో చూడండి. యుద్ధం ఎవరిమీద చేశారో ఆ నిజాం 1950 జనవరి 26న హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు, ఏటా లక్షల రాజభరణంతో. ప్రధానమంత్రి లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి తప్పించుకుని 1950లో పాకిస్తాన్ చేరాడు. కాసిం రజ్వీ జైలు శిక్ష అనుభవించి 1957లో విడుదలై అతనూ పాకిస్తాన్ పోయాడు. రాజు భద్రతకు ముప్పు కాలేదు, దర్జీ అయ్యాడు. నిజాంతో అంటకాగిన దేశ్‌ముఖులు ఖద్దరు కట్టుకుని ఊళ్లకు తిరిగొచ్చారు. వాళ్లనూ ఎవరూ ముప్పు అనలేదు.

మిగిలింది మామూలు జనం. పైనుంచి కిందిదాకా ముస్లిం ఉద్యోగుల నౌకరీలు పోయాయి. బయటి రాష్ట్రాల అధికారులు వచ్చి కూర్చున్నారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టిన ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, రద్దు కావలసినవే. కానీ జాగీర్దారుకు పరిహారం దొరికింది, అతని దేవిడీలో పనిచేసిన బుడ్డన్నకు, చాంద్‌పాషాకు ఏమీ దొరకలేదు. ఇక అరబ్బులు. తరాలకింద హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజుల్లో చేరి, ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడి, ఇక్కడే పిల్లల్ని కన్నవాళ్లు. నగరంలో బార్కస్ బస్తీ పేరు వాళ్ల బారక్‌ల నుంచి వచ్చిందే. వాళ్లనూ అఫ్గాన్ రొహిల్లాలనూ విదేశీయులన్నారు. వేలమందిని పట్టి క్యాంపుల్లో పెట్టారు, ఓడలెక్కించాలని చూశారు. ఏ దేశానికి పంపాలి? పుట్టింది దక్కన్‌లో, మాట్లాడేది దక్కనీ. పౌరుడెవరన్నది తేల్చే రాజ్యాంగం అప్పటికింకా రాయడం పూర్తికాలేదు. రాజ్యాంగానికి ముందే పోలీసులు తేల్చేశారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఇంకో సంగతి గుర్తుచేయాలి. రజాకార్లను అణచడానికి వచ్చిన సైన్యం రజాకార్లు లొంగిపోయాక వాపసు పోలేదు. తుపాకులు తెలంగాణ రైతుల వైపు తిరిగాయి. 1946 నుంచి వెట్టికి, దొరల భూములకు ఎదురు తిరిగి, లక్షల ఎకరాలు పంచుకున్న రైతాంగం. 1948 మేలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. అది చాలింది ఢిల్లీకి, కమ్యూనిస్టులకూ రజాకార్లకూ ముడిపెట్టడానికి. ఆ ముడి పట్టుకుని సైన్యం 1951 దాకా ఊళ్లను జల్లెడ పట్టింది. గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి క్యాంపుల్లోకి తోలారు. నాలుగు వేలమంది చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పోలీసుల నుంచీ తప్పించుకు తిరిగాడు, నెహ్రూ పోలీసులకూ 1951లో దొరికి జైలుకెళ్లాడు. కవి ఒక్కడే, రెండు రాజ్యాలకూ ముప్పే.

భూమి ప్రశ్న ఏమైంది? వినోబా భావే 1951లో పోచంపల్లి వచ్చాడు, భూదానం మొదలయింది. తుపాకులతో లాగేసుకున్నదాన్ని దండంపెట్టి అడుక్కోవడం. అయినా రైతుకు ఒక మేలు జరిగింది. అతని సమస్యకు 'భూసమస్య' అన్న రాజకీయమైన పేరు తిరిగొచ్చింది. కౌలుదారీ చట్టం వచ్చింది, కమ్యూనిస్టులు 1952 ఎన్నికల్లో నిలబడ్డారు, జైళ్లలో ఉన్నవాళ్లు గెలిచారు. భద్రత ముద్ర వాళ్లమీద కొంతైనా చెరిగింది. మా విషయంలో అది జరగలేదు. ముస్లింల బతుకు సమస్యకు, అంటే నౌకరీ, చదువు, ఉర్దూ, ఇల్లు, వీటికి రాజకీయమైన పేరు చాలాకాలం దొరకలేదు. దొరికిన ఒకే ఒక పేరు 'సున్నిత ప్రాంతం'. పాతబస్తీలో నల్లా నీళ్లు రాకపోయినా, డ్రైనేజీ పొంగినా అది సున్నిత ప్రాంతమే. మేము రిపోర్టర్లుగా చేరిన కొత్తలో ఆ ప్రాంతం వార్త ఏది తెచ్చినా క్రైం డెస్కుకు ఇవ్వమనేవాళ్లు. ఒకసారి మూతపడిన ఉర్దూ మీడియం బడి గురించి రాస్తే అదీ క్రైం పేజీలోనే వచ్చింది, దొంగతనం వార్త పక్కన.

ఆ తర్వాత చట్టాల పేర్లు మారుతూ వచ్చాయి. 1950లో ముందస్తు నిర్బంధ చట్టం, 1971లో మీసా, 1985లో టాడా, 2002లో పోటా, 1967 నాటిదైనా తర్వాత పళ్లు మొలిచిన ఉపా. వీటికింద నలిగింది మేమొక్కరమే కాదు. నక్సలైట్లు, గిరిజనులు, పౌరహక్కులవాళ్లు, 1980లలో సిక్కులు. అందుకే ఇది ముస్లింలకు మాత్రమే సంబంధించిన గొడవగా చూడవద్దని సెక్యులర్ మిత్రులకు ఎప్పుడూ చెబుతుంటాం. వాళ్లు తలూపుతారు. టాడా రద్దు కావాలని ఊరేగింపు తీసినప్పుడు మేము కూడా వెంట నడిచాం. 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చారు. బయట జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకొందరు చచ్చారు. ఆ తర్వాత పట్టుకెళ్లింది ఎవరిని? మసీదు చుట్టుపక్కల పిల్లల్నే. కరెంటు షాకులు పెట్టారని వాళ్లు చెప్పిన సంగతులను మైనారిటీల కమిషన్ పంపిన వకీలు నమోదు చేశాడు. కోర్టులు ఒక్కొక్కరినే వదిలేశాయి. తర్వాత దర్యాప్తు వేరే దిక్కుకు, హిందూత్వ బృందాల మీదికి మళ్లింది. 2018లో ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ కోర్టు నిర్దోషులంది. మధ్యలో ప్రభుత్వం ఆ ముస్లిం కుర్రాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది, మంచివాళ్లని సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. మంచివాడని సర్కారు చేత కాగితం రాయించుకోవలసిన పౌరుడు ఈ దేశంలో ఇంకెవరున్నారు?

సెప్టెంబరు 17 వచ్చిందంటే ఇప్పుడు పేర్ల పోటీ. విమోచన, విలీనం, విద్రోహం. 2022లో కేంద్రం విమోచన దినమని సభ పెడితే రాష్ట్రం సమైక్యతా దినమని పెట్టింది. 2024లో కేంద్రం ఏటా విమోచన దినం జరపాలని ఉత్తర్వు ఇచ్చింది; అదే ఏడు కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఈ పేర్లన్నీ గెలిచినవాళ్లవి. ఆ తేదీన మా బస్తీల్లో దుకాణాలు కాస్త ముందే కట్టేస్తారు. ఎవరూ చెప్పరు, కట్టేస్తారు. విమోచన అన్నమాట మీద మాకు పేచీ లేదు. నిజాం నుంచి, జాగీర్ల నుంచి బందగీ కూడా విముక్తి కోరాడు. పేచీ ఏమిటంటే ఆ మాట వేదిక మీద పలికే తీరు చూస్తే విముక్తి నిజాం నుంచి వచ్చిందా, మా నుంచి వచ్చిందా అన్నది తెలియదు.

కొన్నేళ్ల కింద పాస్‌పోర్టుకు అర్జీ పెట్టుకున్నాం. విచారణకు ఒక కానిస్టేబులు ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, చిన్నవాడు. చాయ్ తాగాడు, మా పేపరు చదువుతానన్నాడు. తండ్రి పేరు, తాత పేరు రాసుకున్నాడు. సొంతూరు జహీరాబాద్ దిక్కున అని చెబితే నవ్వుతూనే అడిగాడు, 'అయితే సార్, మీ పెద్దోళ్లు రజాకార్లా?' చెడ్డ ఉద్దేశంతో అడగలేదని మాకు తెలుసు. సినిమాల్లో చూసి ఉంటాడు. 'దర్జీ' అన్నాం. ఆ మాట రాసుకోవడానికి అతని ఫారంలో గడి లేదు.

దాదీ లోపలి గదిలో మంచం మీద ఉంది. చెవులు బాగానే వినపడేవి. అతను వెళ్లాక పిలిచి ఏమడిగాడని అడిగింది. చెప్పాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన దక్కనీలో, ఆరు అంగీల కూలి ఇంకా రాలేదని ఆ పిల్లవాడికి చెప్పాల్సింది కదా అంది.